గాడిద తాగిన నీళ్ళు

ఆ ఊట ఎండిపోలేదు.

ఈ ఒక్క మాట నేను చెప్పవలసిన చోట చెప్పలేదు. ఆ చోటు మా తోటలోని ప్రార్థన మందిరం. అందరి ముందు నోరు తెరిస్తే సరిపోయే సమయానికి నేను దీపం వత్తి సరిచేస్తూ నిలబడ్డాను. వత్తి బాగానే ఉంది.

తరవాత కొన్నాళ్ళకు ఆ ప్రయాణం గురించి ఒక మాసపత్రికలో వ్యాసం రాశాను. ఎడారి మధ్య కొండలను తొలిచి చేసిన ఆ పాత నగరం, గులాబి రంగు రాయి, ఏనుగు పట్టనంత ఇరుకైన లోయదారి, అన్నీ రాశాను. చాలామంది మెచ్చుకున్నారు. పినాంగులో ఇప్పటికీ ఎవరో ఒకరు ఆ వ్యాసం సంగతి ఎత్తుతారు. అందులో ఒక గాడిద గురించి గాని, దాని మీద కూర్చున్న ముసలామె గురించి గాని ఒక్క వాక్యం లేదు. ఇప్పుడు ఆ రెండూ రాస్తున్నాను.

మా తోట బాగన్ దాతుక్ దగ్గర, పేరా నది సముద్రంలో కలిసేచోట. అంతా కొబ్బరి. సముద్రం లోపలికి రాకుండా మట్టికట్టలు వేసి, కాలవలు తవ్వి చేసిన నేల. ఎక్కడ తవ్వినా ఉప్పునీరే. తాగడానికి వాననీళ్ళే గతి. రేకు కప్పుల మీద పడ్డ వాన ఇనపతొట్లలోకి దిగేది. వానలు వెనకబడితే ఆడవాళ్ళు కిరోసిన్ డబ్బాలు పట్టుకుని తొట్టి దగ్గర వరస కట్టేవారు. కొబ్బరి ఎండబెట్టే కొట్టాల పొగ, ఉప్పునీటి రుచి, ఈ రెండూ నా చిన్నతనానికి గుర్తులు.

మా వాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి ఓడల్లో వచ్చిన కూలీలు. నేనూ ఆ ఓడలోనే వచ్చాను, తల్లి చంకలో. వచ్చిన కొద్దికాలానికే అమ్మ జ్వరంతో పోయింది. పక్కగదిలో ఉండే ఒకామె తన గంజిలో నాకూ పోసి పెంచింది. ఆమెకు పిల్లలు లేరు. భర్త కూడా ఆ జ్వరాల్లోనే పోయాడు. మా వైపు అక్కను అప్ప అంటారు. చిన్నా పెద్దా అందరూ ఆమెను అప్ప అనే పిలిచేవారు, నాతో సహా. ఆమె నన్ను బాబూ అనేది. మిషన్ బడిలో చదివి నేను తోటబడికి మేస్టరునయ్యాక కూడా, దొర ముందైనా సరే, బాబూ అనే అనేది.

మా సంఘంలో పిడికెడు బియ్యం అనే పద్ధతి ఉండేది. మన దేశంలో మా వాళ్ళ సంఘాల్లోనూ ఉంది, ఓడతో పాటే వచ్చింది. ఆడమనిషి ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేస్తుంది. అది దేవుడిది. శనివారం సాయంత్రం అప్ప గుడ్డసంచి భుజాన వేసుకుని లయాల వెంట, అంటే కూలీల ఇళ్ళ వరసల వెంట, గడపగడపకూ వెళ్ళి ఆ బియ్యం తెచ్చేది. ఊరికే తెచ్చేది కాదు. ప్రతి గడపలో కూర్చునేది. ఎవరికి నెల తప్పింది, ఎవడు కల్లు తాగి పెళ్ళాన్ని కొట్టాడు, ఎవరికి కడుపునొప్పి, అన్నీ విని, ప్రార్థన చేసి, తాగినవాడిని తిట్టి లేచేది. ఇవతల గదిలో ఆమె గొంతు వినపడితే అవతల గదిలో సీసాలు దాచేవారు. ఆ సంచి లేకపోతే ఆమె కలుపుపని చేసి ముసలిదైపోయిన ఒక కూలిమనిషి. సంచి ఉంటే ఆమె అప్ప.

ఆ బియ్యం అమ్మిన డబ్బు ఏళ్ళ తరబడి ఒక గంట కోసం దాచారు. మా మందిరం ముందు రైలుపట్టా ముక్క ఒకటి వేలాడేది, దాన్ని కొట్టి ఆరాధనకు పిలిచేవాళ్ళం. తెల్లవారుజామున కూలీలను పనికి పిలవడానికి కంగాణి, అంటే కూలీల మేస్త్రీ, కొట్టేదీ అలాంటి ముక్కే. రెంటికీ ఒకటే మోత. ఆదివారం ఉదయం కూడా నిద్రలో ఉలిక్కిపడి లేచి కొడవలి వెతుక్కునేవారు. ఆదివారానికైనా వేరే చప్పుడు కావాలని మావాళ్ళ కోరిక.

జర్మనీ యుద్ధం ముగిసి కొన్నేళ్ళయ్యాక, మిషన్ దొరసాని ఒకామె మలయాలోని సంఘాల నుంచి యాత్రికులను కూడగట్టి యెరూషలేము తీసుకెళ్ళాలని తలపెట్టింది. సంఘానికి ఒకరు చొప్పున పంపవచ్చు అంది. మా మందిరంలో ఆ ఆదివారం పెద్ద చర్చ.

"గంట ఎక్కడికీ పోదు. ఎప్పుడన్నా కొనుక్కోవచ్చు. మనలో ఒకలు ఆ నేల మీద కాలెడితే మనందరం ఎట్టినట్టే" అంది ఒక ఆడమనిషి.

"ఎవలెల్తారు మరి?"

"బియ్యం మోసినోలు ఎల్లాల."

అలా అప్ప వెళ్ళడం ఖాయమైంది. ఆమెకు ఇంగ్లీషు రాదు కనుక తోడుగా, దుబాసీగా నన్ను పంపారు. నా ఖర్చు మిషన్ పెట్టుకుంది.

బయలుదేరే ముందు ఆడవాళ్ళు ఆమెకు ఒక మరచెంబు ఇచ్చారు. మూత బిగించితే చుక్క కారదు. దానికి ఎర్రగుడ్డతో తొడుగు కుట్టారు. మోషే కర్రతో కొడితే రాతిలోంచి నీళ్ళు వచ్చిన కథ మా తోటలో అందరికీ ఇష్టమైన కథ. ఉప్పునీటి మధ్య బతికేవాళ్ళకు అది ఇష్టం కాక ఇంకేమవుతుంది? ఆ ఊట ఇంకా ఉందనీ, ఆ పాత రాతినగరం వాకిట్లోనే ఉందనీ, యాత్ర అక్కడిదాకా వెళుతుందనీ దొరసాని చెప్పింది. ఆడవాళ్ళు అప్పను వేరే ఏదీ అడగలేదు.

"తలో గరిటెడు సాలు అప్పా. పిల్లల నోట్లో ఎయ్యడానికి."

"గరిటెడేటి, సెంబుడు తెస్తాను. ఒలికితే నా పేరెట్టి పిలవకండి."

ఓడలోనే నాకు కొత్త స్నేహం కలిసింది. పినాంగు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, ఆయన భార్య. తమిళ క్రైస్తవులు. ఆయన జార్జ్ టౌన్‌లో ఒక పెద్ద బడికి ధర్మకర్త. నా ఇంగ్లీషు ఆయనకు నచ్చింది. తోటబడిలో ఏం చేస్తున్నారు మీరు, పినాంగులో మీలాంటివాళ్ళు కావాలి అన్నాడు. ఆ మాట విన్న దగ్గరనుంచి నా నడక మారింది. పై అంతస్తు బల్లమీద ఆయన పక్కన కూర్చునేవాణ్ణి. అప్ప కింద తాళ్ళ కట్టల దగ్గర కూర్చుని, కనిపించినప్పుడల్లా "బాబూ, తిన్నావా?" అని గట్టిగా అరిచేది.

"మీ బంధువా?" అని ఆయన భార్య అడిగింది.

"కాదు, మా తోట కూలీల్లో ఒకామె" అన్నాను. అది అబద్ధం కాదు. కానీ ఆ మాట అన్నాక అప్ప పిలిస్తే వెంటనే పలకడం మానేశాను.

యొర్దాను దగ్గర సంగతి ఇది. అందరూ ఒడ్డున నిలబడి నీళ్ళు తల మీద చల్లుకున్నారు. అప్ప చీరతో సహా నడుములోతుకు దిగిపోయింది. దిగి, మా తోట ఆడవాళ్ళు పీనుగు ముందు ఏడ్చే రాగంలో పాట ఎత్తుకుంది. తన మొగుడి పేరు, నా తల్లి పేరు, తోటలో పోయినవాళ్ళందరి పేర్లూ ఒక్కొక్కటే చెప్పి, ప్రతి పేరుకూ ఒక మునక వేసింది. ఎవరో ఫోటో తీశారు. పెద్దమనిషి భార్య చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వుతోందని నాకు తెలిసింది. నా తల్లి పేరుకు వేసిన మునక ఎంతసేపు ఉందో చూడవలసిన నేను, ఆ చేతిరుమాలు వంకే చూస్తున్నాను.

యెరూషలేము నుంచి మోటార్లలో, తరవాత ఎడారి రైలులో, మళ్ళీ మోటార్లలో వెళ్ళాం. చివరకు ఒక కొండవాలు పల్లె దగ్గర దిగాం. అక్కడినుంచి గుర్రాలు, గాడిదలు. మాకు దారి చూపేవాడు యెరూషలేము అరబ్బు. ఎర్ర కుళ్ళాయి, చేతిలో బెత్తం. ఇంగ్లీషు ఒక్కో మాటా విడదీసి, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా చెప్పేవాడు. అతను చెప్పింది నేను అప్పకు తెలుగులో చెప్పడం మొదటినుంచీ అలవాటు. ఏ చోటైనా అందరూ తలలు ఊపాక ఆమె నా వైపు తిరిగి, "ఏటంటన్నాడు?" అనేది. నేను చెప్పాక ఆమె కూడా తల ఊపేది, అందరికంటే ఆలస్యంగా, అందరికంటే గట్టిగా.

ఆ ఉదయం నేను గుర్రం మీద ముందున్నాను, పెద్దమనిషి పక్కన. అప్ప గాడిద మీద వెనక వస్తోంది. పల్లె దాటగానే ఒక రాతిమలుపు. బండ కిందినుంచి నీళ్ళు గలగలా వచ్చి ఒక తొట్టిలో పడుతున్నాయి. దారి చూపేవాడు బెత్తం ఎత్తాడు. మోషే రాయి కొట్టిన ఊట ఇదే, దిగండి, తాగండి, సీసాలు నింపుకోండి, లోపల ఇంత మంచినీరు దొరకదు అన్నాడు.

అందరూ దిగారు. నేనూ దిగి దోసిలి పట్టి తాగాను. పెద్దమనిషి తన మూడుకాళ్ళ కెమెరా నిలబెట్టాడు. ఆయన భార్య నా వైపు చూసి, "మీ తోట ఆమె ఇక్కడ కూడా స్నానం చేస్తుందా?" అంది. హాస్యానికే అంది. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేను కూడా నవ్వాను.

అప్పుడే అప్ప గాడిద వచ్చి ఆగింది. మరచెంబు ఒళ్ళోనే ఉంది.

"ఏటి బాబూ, ఆగిపోనారేటి?"

చెబితే ఏమవుతుందో నాకు కళ్ళకు కట్టింది. దిగుతుంది. మోకాళ్ళ మీద పడుతుంది. ఆ రాగం ఎత్తుకుంటుంది. తోటలో ప్రతి ఇల్లాలి పేరూ చెప్పి ఒక్కో దోసిలి పడుతుంది. కెమెరా ఉంది, చేతిరుమాలు ఉంది.

"గుర్రాలకు నీళ్ళు పెడుతున్నారు అప్పా" అన్నాను.

నిజమే, గుర్రాలకూ పెడుతున్నారు. ఆమె సరే అన్నట్టు తల ఊపింది. దిగలేదు. గాడిద మెడ చాచి తొట్టిలో మూతి పెట్టింది. అప్ప దాని వీపు నిమిరింది. "తాగు తల్లీ, తాగు. ఎండలో మోస్తన్నావు." అది నిదానంగా, చాలాసేపు తాగింది. తిరిగి వచ్చేటప్పుడు నేనే చెంబు నింపుతాను, ఎవరూ చూడకుండా, అని మనసులో అనుకున్నాను. అలా అనుకోగానే నాకు తేలికైపోయింది.

లోయదారి గురించి ఆ వ్యాసంలో రాసింది అంతా నిజమే. రెండు పక్కలా కొండ నిట్టనిలువుగా లేచి, పైన ఆకాశం చీరంచులా కనిపిస్తుంది. గుర్రపు డెక్కల చప్పుడు మన వెనకనుంచి ఇంకెవరో వస్తున్నట్టు వినిపిస్తుంది. ఆ గోడల పొడుగునా, మనిషి నడుము ఎత్తున, రాతిలో తొలిచిన ఒక కాలవ ఉంది. దారి చూపేవాడు దాన్ని బెత్తంతో తట్టి, పొద్దున మనం తాగిన ఊటనీళ్ళనే ఈ కాలవలో నగరానికి తెచ్చుకునేవారు అన్నాడు.

అందరూ తలలు ఊపారు. అప్ప గాడిద మీదనుంచి ఒంగి కాలవలో చెయ్యి పెట్టింది. పొడిదుమ్ము.

"ఏటంటన్నాడు?"

"మోషే ఊటనీళ్ళు ఈ కాలవలో పారేవట అప్పా."

"మరి నీల్లేవీ?"

పొద్దున అన్న మాట సరిదిద్దుకోవడానికి అదే సమయం. వెనక్కి తిరిగితే ఊట ఎంతో దూరం లేదు. కాని సరిదిద్దాలంటే పొద్దున ఎందుకు చెప్పలేదో చెప్పాలి. కాలవ ఎండి ఉంది. అబద్ధానికి సాక్ష్యం దానంతట అదే నా ముందు సిద్ధంగా ఉంది.

"ఊట ఎండిపోయిందట" అన్నాను.

ఆమె చెయ్యి తియ్యలేదు. గాడిద నడుస్తుంటే వేళ్ళు కాలవ అడుగున ఈడ్చుకుంటూ కొంతదూరం వచ్చింది.

"ఎండిపోనాదా... ఆడోలకి ఏటి సెప్పాల బాబూ?"

లోయ తెరుచుకున్నచోట కొండలో చెక్కిన పెద్ద మేడ ఎదురుగా నిలుస్తుంది. స్తంభాలు, పైన ఒక రాతికడవ. దాన్ని అక్కడివాళ్ళు ఖజానా అంటారు. మన మాటే కనుక ఆమెకు వెంటనే తెలిసింది. కడవలో బంగారం ఉందనుకుని తుపాకులతో కాల్చారట, గుంటలు కనిపిస్తున్నాయి. లోపల ఏమీ లేదు, కడవ మొత్తం ఒకటే రాయి. నేను ఇదంతా చెబితే ఆమె కాసేపు పైకి చూసి, "నా సెంబునాగే వొట్టిదే గదా. నన్నూ కాలుస్తారేమో తోటలో" అని నవ్వింది.

ఆ రోజంతా కొండల్లో తిరిగాం. తొలిచిన గదులు, సమాధులు, మెట్లు. తలుపులు లేని గుమ్మాలు వేలకొద్దీ. ఒక గదిలో గోడల రంగులు చీర మడతల్లా ఉన్నాయని దొరసాని మురిసిపోయింది. అప్ప మాత్రం ప్రతి గదిలోనూ పొయ్యి ఎక్కడుండేదో వెతికింది. "ఇన్ని ఇల్లు. ఈ ఇల్లలో ఆడోలు బియ్యం ఎక్కడ కడిగేవోరు? నీల్లు పోనాక ఎల్లిపోయుంటారు పాపం" అంది. నా అబద్ధాన్ని ఆమె అప్పుడే ఆ నగరం కథలో కలిపేసుకుంది. ఖాళీ గుమ్మాలు చూసినప్పుడల్లా ఆమెకు ఎండిన ఊటే కనిపిస్తోంది.

మర్నాడు తిరుగు ప్రయాణం అదే దారిన. ఎండ వాలుతోంది. రైలు అందుకోవాలని దారి చూపేవాడు తొందరపెడుతున్నాడు. ఊట దగ్గర ఎవరినీ ఆపలేదు. పల్లె ఆడవాళ్ళు నీళ్ళు పడుతున్నారు, కిరోసిన్ డబ్బాలతో.

"ఓలమ్మ, ఈల్లవీ మన డబ్బాలే" అంది అప్ప. గాడిదను తనే ఆపింది. "నిన్న గాడిద తాగినాది ఇక్కడే గదా. ఇదేటూట బాబూ?"

"ఊళ్ళోవాళ్ళది."

"మంచినీల్లేనా?"

"ఏమో."

ఆమె మరచెంబు మూత తిప్పింది. నీళ్ళు పట్టుకుంటే బాగుండునని నాకు ఒక పక్క, పట్టుకుంటే ఏం చెప్పాలో అని ఇంకో పక్క. ఆమె మూత చేతిలో పట్టుకుని నీళ్ళ వంక చూసింది. తరవాత మళ్ళీ బిగించేసింది.

"ఒద్దులే. ఇయ్యి అయ్యి కావు గదా. దేవుడూట నీల్లని అబద్దమాడి ఆడోలకి ఎలాగ పోస్తాను?"

నేను "బేగి పద అప్పా, రైలు పోతుంది" అన్నాను. నా బతుకులో ఇంతకంటే హీనమైన మాట నేను అనలేదు.

తోటకు తిరిగి వచ్చిన ఆదివారం మందిరం కిటకిటలాడింది. అప్ప ముందుకు వచ్చి సాక్ష్యం చెప్పింది. చెప్పి, మరచెంబు మూత తీసి తలకిందులు చేసి చూపించింది.

"ఊట ఎండిపోనాది. కాలవలో సెయ్యెట్టి సూసినాను. తడి నేదు."

గంట వదులుకుని పంపిన మనుషులు వాళ్ళు. ఆఖరికి వెనకనుంచి ఒకామె, "తాపా లా అప్పా" అంది. పరవాలేదని మలయాలో అందరూ అనే మాట. ఇంకొకామె, "దేవుడికీ మన తొట్టి కష్టమే వొచ్చినాది" అంది. అందరూ నవ్వారు. అప్ప కూడా నవ్వింది. ఆ వారం సంచిలో ఎప్పటికంటే ఎక్కువ బియ్యమే పడింది.

కొన్ని నెలల తరవాత దొరసాని మా తోటకు వచ్చింది. పెట్టెలో దీపం పెట్టి గాజుపలకల బొమ్మలను గోడమీద పెద్దవిగా చూపించే యంత్రం తెచ్చింది. మందిరంలో తెల్లదుప్పటి కట్టాం. పొద్దు కుంకగానే మొదలుపెట్టాం. దీపం చూసేదీ, దొరసాని మాటలు తెలుగులో చెప్పేదీ నేనే. యెరూషలేము చూసి ఆడవాళ్ళు ఊఁ కొట్టారు. తరవాత లోయదారికి ముందు ఒక బొమ్మ పడింది.

అది పెద్దమనిషి తీసిన బొమ్మ. బండ కిందినుంచి నీళ్ళు. అందరూ ఒంగి సీసాలు నింపుతున్నారు. నేను తాగి మూతి తుడుచుకుంటున్నాను. పక్కగా గాడిద తొట్టిలో మూతి పెట్టింది. దాని మీద అప్ప, ఒళ్ళో గుడ్డతొడుగు మరచెంబు.

దొరసాని ఆనందంగా, "ఇదే మోషే ఊట. ఇదిగో మీ సహోదరి" అంది. ఇంగ్లీషులో ఒకసారి, తమిళంలో ఒకసారి. తమిళం మా వాళ్ళందరికీ అర్థమవుతుంది. నేను తెలుగులో చెప్పవలసిన అవసరమే లేకపోయింది.

"అప్పా," అంది చీకట్లోంచి ఒక గొంతు, "ఎండిపోనాదన్నావు గదా?"

"సెంబు ఒల్లోనే ఉంది గదే" అంది ఇంకొకతె. "గాడిద దిగడానికి బద్దకమేసినాదా?"

అప్ప దుప్పటి వంక చూస్తూ ఉండిపోయింది. ఆ బొమ్మను ఆమె చాలా నిదానంగా చదువుకుంది. తరవాత తల తిప్పి నన్ను చూసింది. కోపం లేదు. ఏ చోటైనా అందరూ తలలు ఊపాక నా వైపు తిరిగే ఆ చూపే. ఏటంటన్నాడు అని అడిగే చూపు.

నేను వత్తి సరిచేశాను.

"ముసిల్దాన్ని," అంది అప్ప, మెల్లగా. "నాకు తెలీనేదు."

నేను తరవాతి పలక పెట్టాను. ఖజానా మేడ పడింది. ఎవరూ చూడలేదు.

ఎవరూ ఆమెను తిట్టలేదు. మా వాళ్ళు అలా తిట్టరు. తరవాతి శనివారం ఆమె సంచితో వెళ్ళేసరికి మొదటి గడపలో, "పొద్దున్నే ఇచ్చేసినాం అప్పా" అన్నారు. రెండో గడపలోనూ అదే. మా కంగాణి కోడలు పొద్దున్నే కొత్త సంచితో తిరిగి వెళ్ళిందట. అప్ప లయం చివరిదాకా నడిచి, వట్టి సంచి మడిచి చంకలో పెట్టుకుని వెనక్కి వచ్చింది. నేను బడి అరుగు మీదనుంచి చూశాను.

ఆ ఏడు చివర్లోనే పినాంగు బడిలో నాకు ఉద్యోగం వచ్చింది. వెళ్ళిపోయాను. పెళ్ళి, పిల్లలు, వ్యాసం, పేరు. రబ్బరు, కొబ్బరి ధరలు పడిపోయి మనుషులను ఓడలెక్కించి మన దేశానికి తిప్పి పంపిన రోజుల్లో అప్ప కూడా వెళ్ళిపోయి ఉంటుందని అనుకున్నాను. నిజం చెప్పాలంటే, వెళ్ళిపోయి ఉంటే బాగుండునని అనుకున్నాను. ఎవరినీ అడగలేదు.

ఈ ఏడు తోటనుంచి కబురు వచ్చింది. మళ్ళీ పిడికెడు పిడికెడు కూడబెట్టి గంట కొన్నారు. పాత మేస్టరు కనుక నేను వచ్చి నాలుగు మాటలు చెప్పాలన్నారు. కబురు తెచ్చినవాణ్ణి అడిగాను, అప్ప సంగతి. ఉంది, లయం చివరి గదిలో, చీపుర్లు కడుతోంది అన్నాడు.

గంట పండుగకు ముందురోజు మధ్యాహ్నం వెళ్ళాను. గడపలో కూర్చుని కొబ్బరాకు ఈనెలు చీలుస్తోంది. చూపు తగ్గింది. నా బూట్ల చప్పుడు విని తల ఎత్తింది.

"ఎవులు?"

"నేను అప్పా. బాబుని."

"తిన్నావా?"

నేను నేల మీద కూర్చున్నాను. ఓడలో నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. చేతిరుమాలు సంగతి కూడా. ఆమె ఈనెలు చీలుస్తూనే ఉంది.

"బొమ్మ పడ్డ నాడే తెలిసినాది బాబూ" అంది చివరికి. "గాడిదకి తెలిసినాది నాకు తెలీనేదని నవ్వొచ్చినాది కూడాను."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు? ఎండిపోయిందని బాబే చెప్పాడంటే అయిపోయేదిగా?"

"నువ్వు సెప్తావని సూసినాను. నే సెప్తే నింద. నువ్వు సెప్తే సాక్ష్యం." కత్తి పక్కన పెట్టింది. "తరవాత నువ్వు పినాంగు ఎల్లిపోనావు."

నన్ను క్షమించమని అడిగాను. చెయ్యి అడ్డంగా ఊపింది, ఈగను తోలినట్టు.

"నాకాడ సెప్పి ఏటి? నాకు తెలిసిందే గదా. నీల్లడిగింది ఆల్లు. ఆల్లకి సెప్పు."

ఈనెలు కట్ట కడుతూ అడిగింది.

"నువ్వు తాగినావు గదా. ఎలాగున్నాయి?"

"తియ్యగా ఉన్నాయి అప్పా. చల్లగా. పళ్ళు జిల్లుమన్నాయి."

ఆమె ముఖం విప్పారింది. నోరు కొంచెం తెరిచి, ఆ నీళ్ళు నాలుక మీద ఉన్నట్టు, కాసేపు అలాగే ఉంది. "అదీ సెప్పు ఆల్లకి" అంది.

మర్నాడు గంట మోగింది. పెద్దగంట కాదు. కాని పనిలోకి పిలిచే మోత కాదు. ఆడవాళ్ళలో చాలామంది ముసలివాళ్ళైపోయారు. ఆనాటి పిల్లలు తల్లులై ఒళ్ళో పిల్లలతో కూర్చున్నారు. అప్ప తలుపు దగ్గర, గోడకు ఆనుకుని ఉంది. నేను రాసుకొచ్చిన ఉపన్యాసం జేబులోంచి తియ్యలేదు. పినాంగులో అలవాటు చేసుకున్న పుస్తకాల తెలుగు ఆ పనికి సాగదని లేచి నిలబడగానే తెలిసింది. చిన్నప్పుడు ఆమె గంజి తాగుతూ నేర్చుకున్న మాటల్లోనే చెప్పాను.

"అమ్మలారా, మోషే ఊట ఎండిపోనేదు. నే తాగినాను. తియ్యగున్నాయి, సల్లగున్నాయి, పల్లు జిల్లుమన్నాయి. గాడిద కూడా తాగినాది. ఇదే ఊటని అప్పకి నే సెప్పనేదు. పెద్దోల ముందర ఆమెని సూసి సిగ్గుపడినాను. తరవాత ఎండిపోనాదని అబద్దమాడినాను. వొచ్చినప్పుడు ఆ నీల్లకాడే ఆమె మూత తీసినాది. మీకు అబద్దం పొయ్యనని మల్లీ బిగించినాది. ఆ బొమ్మ పడ్డనాడు మీరు అడిగితే నోరు మూసుకున్నాను. బద్దకం ఆమెది కాదు, నాది కూడా కాదు, నాది పిరికితనం. మీ నీల్లు పోగొట్టినోన్ని నేనే, ఆమె సంచి లాగేసినోన్నీ నేనే. అమ్మలారా, మన్నించండి. అప్పా, మన్నించు."